బూతులు, వివాదాలు పెడితే సూపర్‌హీరో కామిక్ బాగుపడుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరూ మీ ఫ్రెండూ కలిసి తెలుగులో ఒక సూపర్‌హీరో వెబ్‌కామిక్ మొదలుపెట్టారు. బొమ్మలు మీవి, కథ అతనిది. ‘ద బాయ్స్’ అనే సూపర్‌హీరో టీవీ సిరీస్ చూసిన దగ్గర్నుంచి అతను ఒకటే పట్టు పట్టాడు. బూతులు, డ్రగ్స్, రేప్, కులం లేకపోతే పెద్దవాళ్లెవరూ చదవరని, పిల్లల బొమ్మల పుస్తకం అనుకుని పక్కన పడేస్తారని అంటున్నాడు. మీకేమో ఎక్కడో తేడా కొడుతోంది గానీ, ఎందుకో చెప్పలేకపోతున్నారు. ఇవన్నీ నిజంగా కామిక్‌ను మెరుగు చేస్తాయా అని అడిగారు.

సూటిగా చెప్తాను. బూతు దానంతట అది ఏ కామిక్‌నూ బాగుచెయ్యదు, పాడూ చెయ్యదు. వివాదాస్పదమైన విషయం మాత్రం బాగుచెయ్యగలదు. కాకపోతే ఆ సమస్య హీరో గుద్దితే పోనిదై ఉండాలి. హీరో ఇంకాస్త గట్టిగా గుద్దడానికి సాకు కోసం తెచ్చిన వివాదమైతే, అది లేనప్పుడే కథ నయంగా ఉండేది.

నేను పన్నెండేళ్లుగా కామిక్స్‌కి లెటరింగ్ చేస్తున్నాను. ఎక్కువగా బయటి దేశాల చిన్న పబ్లిషర్లకి ఇంగ్లీషులో, అప్పుడప్పుడు తెలుగు అనువాదాలకి. రచయిత రాసిన ప్రతి బూతునీ టైప్ చేసేది నేనే. దాని చుట్టూ బెలూన్ గీసి, తోక ఎవరి నోటివైపు తిప్పాలో చూసేదీ నేనే. అందుకని ఈ విషయంలో నాకు చాదస్తం కొంచెం ఎక్కువ, భరించండి.

ముందు బూతుల సంగతి.

కామిక్‌లో మాటకి చోటు చాలా తక్కువ. పాతకాలం నుంచీ ఒక లెక్క వాడుకలో ఉంది: ప్యానెల్‌కి, అంటే పేజీలో ఒక్కో బొమ్మ గడికి, 35 మాటలు మించకూడదు, పేజీకి ఆరు ప్యానెళ్లనుకుంటే మొత్తం 210. సూపర్‌మ్యాన్ ఎడిటర్ మార్ట్ వైసింగర్ పెట్టిన లెక్క ఇది అని కామిక్స్ రచయిత ఆలన్ మూర్ చెప్తాడు. తెలుగులో అంత కూడా పట్టదు. మన ఒత్తులకీ గుడులకీ లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. ఆ కాస్త చోటులో ఐదు బూతులు పెడితే, ఐదు మాటల కథ బయటికి పోయినట్టే.

మూడేళ్ల క్రితం ఒకాయన 22 పేజీల స్క్రిప్ట్ పంపాడు. టైప్ చేసీ చేసీ విసుగొచ్చి లెక్కపెట్టాను. ఒకే ఇంగ్లీషు బూతు 58 సార్లు ఉంది. హీరో, విలన్, పోలీసు, హోటల్లో కాఫీ పోసే ఆవిడ, అందరి నోటా అదే. బెలూన్ తోక చూస్తే తప్ప ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదు. నేను 14వ పేజీని రెండు రకాలుగా లెటర్ చేసి పంపాను. ఒకటి ఆయన రాసింది రాసినట్టు. రెండో దాంట్లో అన్నీ తీసేసి ఒక్కటి ఉంచాను. అది ఎవరిదంటే, అప్పటిదాకా ఎవరినీ పల్లెత్తు మాట అనని నర్సుది. మూడో రోగి కూడా చనిపోయాక, గోడవైపు తిరిగి, చిన్న అక్షరాల్లో, పెద్ద బెలూన్‌లో చుట్టూ బోలెడు తెల్లటి ఖాళీ వదిలి పెట్టాను. ఆయన రెండు రోజులు అలిగాడు. తర్వాత పుస్తకం మొత్తం తనే మళ్లీ చూసుకుని 11 ఉంచాడు. ఆ 11 నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మొదటి 58లో ఒక్కటీ గుర్తులేదు.

దీన్నిబట్టి బూతులు తీసేస్తేనే మంచిదని చెప్పడం లేదు. ఎవరి నోటి నుంచి, ఎంతసేపు ఆగి వచ్చిందన్నది అసలు సంగతి. మనకి ఇది కొత్త కాదు కదా. ‘కన్యాశుల్కం’లో గిరీశం ఆఖరి మాట ‘డామిట్’తోనే మొదలవుతుంది. అది ఇంగ్లీషు తిట్టు. నాటకమంతా ఇంగ్లీషు ముక్కలతో జనాన్ని బోల్తా కొట్టించినవాడు, చివరికి తనే బోల్తా పడ్డప్పుడు నోట్లోంచి వచ్చింది కూడా ఇంగ్లీషే. అక్కడ ‘అయ్యో’ అని పెట్టి చూడండి, గిరీశం కనబడడు.

ఒక చిన్న పిట్టకథ. ఇంగ్లీషు కామిక్స్‌లో అంతా పెద్దక్షరాల్లోనే రాస్తారు. ‘ఫ్లిక్’, ‘క్లింట్’ లాంటి మాటలు రాయాల్సి వస్తే జాగ్రత్త అని ఈ పనిలో పాతవాళ్లు చెప్తారు. చవక కాగితం మీద సిరా కొంచెం పాకితే ఎల్, ఐ అక్షరాలు అంటుకుపోయి యూ లాగా కనిపిస్తాయి. పిల్లల పుస్తకంలో పచ్చి బూతు అచ్చవుతుంది. రచయిత మార్క్ మిల్లర్ 2010లో బ్రిటన్‌లో ఒక కామిక్ పత్రిక పెట్టి, ఈ జోకు కోసమే దానికి ‘క్లింట్’ అని పేరు పెట్టాడు.

ఇంకో సంగతి ఇంతకన్నా ముఖ్యం. 2008 సెప్టెంబరులో ఫ్రాంక్ మిల్లర్, జిమ్ లీ చేసిన ‘ఆల్ స్టార్ బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’ 10వ సంచిక వచ్చింది. అందులో బూతుల్ని అక్షరాలుగానే రాసి, వాటిమీద నల్ల పట్టీలు వేశారు. అచ్చయ్యాక చూస్తే పట్టీల కింద అక్షరాలు కనబడుతున్నాయి. కాపీలు ధ్వంసం చెయ్యమని పబ్లిషర్ డీసీ కామిక్స్ షాపులవాళ్లని కోరింది. సహజంగానే మిగిలిన కాపీలకి గిరాకీ పెరిగింది. లెటరర్‌గా నాకు ఇందులో ఒక పాఠం ఉంది: కప్పెయ్యాల్సిన మాటని అసలు టైప్ చెయ్యొద్దు, ఖాళీ పెట్టి పట్టీ వెయ్యి. చదివేవాడిగా ఇంకో సంగతి తట్టింది. ఆ సంచిక గురించి ఈ రోజుకీ ఎవరు మాట్లాడినా ఆ పట్టీల గురించే మాట్లాడతారు. కథేంటని అడిగితే నీళ్లు నములుతారు. 2018లో ‘బ్యాట్‌మ్యాన్: డ్యామ్డ్’ మొదటి సంచికకీ అదే గతి పట్టింది. ఒక చీకటి ప్యానెల్‌లో బ్యాట్‌మ్యాన్‌ని నగ్నంగా చూపించారు. గోల అయింది, తర్వాతి ముద్రణల్లో అది కనబడకుండా చేశారు. లీ బర్మెహో ఆ పుస్తకానికి వేసిన బొమ్మలు అద్భుతంగా ఉంటాయి. వాటి గురించి మాట్లాడినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది.

బూతు లేకుండా బూతు రుచి తెప్పించే దారులు కామిక్స్‌లో ఎప్పట్నుంచో ఉన్నాయి. @#$%! లాంటి గుర్తులకి కార్టూనిస్టు మార్ట్ వాకర్ ‘గ్రాలిక్స్’ అని పేరు పెట్టాడు. 1972లో వచ్చిన ల్యూక్ కేజ్ అనే సూపర్‌హీరోది న్యూయార్క్‌లోని హార్లెం, జైలు నుంచి బయటపడ్డవాడు. కోపం వస్తే ‘స్వీట్ క్రిస్మస్’ అంటాడు! నవ్వొస్తుంది గానీ, యాభై ఏళ్లయినా ఆ మాట అతనిదిగానే మిగిలింది. నిజం బూతు ఎవరి సొంతమూ కాదు, కనిపెట్టిన తిట్టు పాత్రకి ఇంటిపేరులా అతుక్కుంటుంది. మీ ఫ్రెండ్‌కి చెప్పండి, ఇది పిరికితనం కాదు, పాత్రని నిలబెట్టే పని.

ఇప్పుడు అసలు విషయం, వివాదాలు. మీ ఫ్రెండ్ ఇవేవో పదేళ్ల క్రితం పుట్టాయనుకుంటున్నట్టున్నాడు. సూపర్‌హీరో కామిక్స్ పుట్టిందే వాటితో. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ చేసిన పనులేంటో తెలుసా? ఎలక్ట్రిక్ చెయిర్ ఎక్కబోతున్న నిరపరాధిని కాపాడాడు. పెళ్లాన్ని కొడుతున్నవాడికి బుద్ధి చెప్పాడు. సెనేటర్‌ని బుట్టలో వేసుకున్న లాబీయిస్టు వెంటపడ్డాడు. విలన్లలో గ్రహాంతరవాసులూ లేరు, పిచ్చి శాస్త్రవేత్తలూ లేరు. 1941 మార్చి తేదీతో వచ్చిన కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్టమీద హీరో హిట్లర్ దవడ పగలగొడుతుంటాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే దిగలేదు. ఆ బొమ్మకి జో సైమన్, జాక్ కర్బీలకి బెదిరింపులొచ్చాయి.

తర్వాత 1954లో కామిక్స్ కోడ్ వచ్చింది. పిల్లలు చెడిపోతున్నారని సెనేట్ కమిటీ విచారణ పెడితే, ప్రభుత్వం పెట్టకముందే పబ్లిషర్లే తమకి తాము పెట్టుకున్న సెన్సార్ అది. బూతులు కూడదు, పిశాచాలు కూడదు, అధికారుల్ని చులకన చెయ్యకూడదు. ఆ కోడ్ ఏం చేసిందో ఒక్క ఉదాహరణ చాలు. ఇది సూపర్‌హీరో కథ కాదు, అయినా చెప్పాలి. ‘జడ్జిమెంట్ డే’ అని ఈసీ కామిక్స్ వాళ్ల చిన్న కథ. ఒక వ్యోమగామి రోబోల గ్రహానికి వెళ్తాడు. అక్కడ నారింజ రంగు రోబోలకి ఒక న్యాయం, నీలం రంగువాటికి ఒక న్యాయం. చూసి, మీరింకా మాతో కలవడానికి సిద్ధంగా లేరని చెప్పి వచ్చేస్తాడు. చివరి ప్యానెల్‌లో హెల్మెట్ తీస్తే అతను నల్లజాతి మనిషి. కథంతా వెతికినా ఒక్క తిట్టు లేదు, రక్తం చుక్క లేదు. 1956లో మళ్లీ వెయ్యబోతే కోడ్ ఆఫీసు అడ్డుపడింది, ఆ మనిషి నల్లవాడు కాకూడదంది. పబ్లిషర్ విలియం గెయిన్స్ ససేమిరా అని, ఉన్నది ఉన్నట్టే వేశాడు. మీ ఫ్రెండ్ ‘వివాదం’ అంటే బూతూ రక్తమూ అనుకుంటున్నాడు. కోడ్ ఆఫీసువాళ్లకి అతనికన్నా బాగా తెలుసు. వాళ్లు భయపడింది హెల్మెట్ కింది ముఖానికి.

1971 దగ్గర కొంచెం ఆగుదాం, మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. డ్రగ్స్ మీద ఒక కథ రాయమని అమెరికా ఆరోగ్య, విద్యా శాఖ స్పైడర్‌మ్యాన్ రచయిత స్టాన్ లీని కోరింది. స్పైడర్‌మ్యాన్ 96 నుంచి 98 వరకు మూడు సంచికల్లో అది వచ్చింది. డ్రగ్స్ చెడ్డవి అని చెప్పే కథే అయినా, డ్రగ్స్ ప్రస్తావన ఉంది కాబట్టి కోడ్ ముద్ర ఇవ్వలేదు. ముద్ర లేకుండానే అమ్మారు. ఆ ఏడాదే కోడ్ సవరించుకోవాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కథ మామూలుగానే ఉంటుంది, చరిత్ర కోసం గుర్తుపెట్టుకోవాల్సిందే తప్ప.

దాని తర్వాత అదే ఏడాది డీసీ వేసిన ‘గ్రీన్ లాంటర్న్’ 85, 86 సంచికలు వేరు. డెన్నిస్ ఓనీల్ రచన, నీల్ ఆడమ్స్ బొమ్మలు. గ్రీన్ ఆరో అనే విలుకాడు హీరో వీధుల్లో డ్రగ్స్ అమ్మేవాళ్లని వెతికి వెతికి కొడుతుంటాడు. ఇంటికొచ్చి చూస్తే తను పెంచిన కుర్రాడు, తన సైడ్‌కిక్ స్పీడీ, చేతికి హెరాయిన్ ఎక్కించుకుంటున్నాడు. అప్పుడు హీరో ఏం చేశాడు? చెయ్యెత్తి కొట్టాడు, ఇంట్లోంచి గెంటేశాడు. ఇన్నేళ్లూ విలన్ల మీద పనిచేసిన చెయ్యి ఇంట్లో పనిచెయ్యలేదు. ఆ కుర్రాడి పక్కన కూర్చుని, వాడు వణుకుతూ చెమటలు కక్కుతుంటే పట్టుకున్నది బ్లాక్ కెనరీ అనే ఇంకో హీరోయిన్. వీధిలో అందరినీ కొట్టగలిగిన హీరో ఆ గదిలో ఏమీ చెయ్యలేకపోయాడు. గుద్దితే పోని సమస్య అని నేను అన్నది దీని గురించే.

ఐరన్ మ్యాన్ తాగుడు కథ కూడా ఇంతే. 1979లో 128వ సంచికతో ముగుస్తుంది. టోనీ స్టార్క్ తాగిన మత్తులో, ఏళ్ల తరబడి తనని చూసుకుంటున్న జార్విస్ మీద అరుస్తాడు. జార్విస్ రాజీనామా కాగితం ఇచ్చేస్తాడు. అంతకు ముందు సంచికల్లో కొట్లాటలు బోలెడున్నాయి. నాకు గుర్తుండేది మాత్రం టోనీ వెళ్లి జార్విస్‌కి సారీ చెప్పడం. ఇనప సూటు తొడుక్కుని సారీ చెప్పలేం కదా. ఆ రోజుల్లో కోడ్ ఉంది కాబట్టి అరుపులో బూతు లేదు. ఉంటే ఇంకా బాగుండేదా? ఉండొచ్చు. కానీ దెబ్బ తగిలింది ఆ అరుపుకి కాదు, ఎవరి మీద అరిచాడన్నదానికి.

ఇక తిట్టే కథకి ప్రాణమైన సందర్భం. 1982లో క్రిస్ క్లేర్‌మాంట్, బ్రెంట్ ఆండర్సన్ చేసిన ఎక్స్‌మెన్ గ్రాఫిక్ నవల ‘గాడ్ లవ్స్, మ్యాన్ కిల్స్’. మొదటి పేజీల్లోనే ఇద్దరు నల్లజాతి పిల్లల్ని, మ్యూటెంట్లని (పుట్టుకతోనే శక్తులున్నవాళ్లని) చెప్పి చంపి, బడి ఆటస్థలంలో ఊయలకి వేలాడదీస్తారు. కొంచెం తర్వాత, తనూ మ్యూటెంటే అయిన కిట్టీ అనే పిల్ల, మ్యూటెంట్లని తిట్టిన ఒకడితో కొట్లాటకి దిగుతుంది. డ్యాన్స్ టీచర్ స్టీవీ, ఆవిడ నల్లజాతి మహిళ, అవి వట్టి మాటలే కదా అని సర్దిచెప్తుంది. అప్పుడు కిట్టీ, వాడు నన్ను మీ జాతివాళ్లని వెనకేసుకొచ్చేదాన్నని తిట్టి ఉంటే ఇంత ఓర్పుగా ఉండేవారా అని అడుగుతుంది. ఆ అడగడంలో అమెరికాలో అన్నిటికన్నా నీచమైన జాతి తిట్టును ఉన్నదున్నట్టు వాడుతుంది. చదువుతుంటే ఊపిరి బిగుస్తుంది. ఆ మాటని చుక్కలు పెట్టి దాస్తే, ‘వట్టి మాటలే’ అన్న వాదన గెలిచిపోతుంది. ఇక్కడ తిట్టు కథకి అలంకారం కాదు, చర్చ జరుగుతున్నదే దాని మీద. అయినా ఆ మాట ఒక తెల్లపిల్ల నోట పెట్టొచ్చా అని ఇప్పటికీ వాదించుకుంటారు. వాదించుకోవాలి కూడా.

ఇక రెండో వైపు.

1994లో గ్రీన్ లాంటర్న్ 54వ సంచికలో హీరో ఇంటికొచ్చేసరికి అతని గర్ల్‌ఫ్రెండ్‌ని విలన్ చంపి ఫ్రిజ్‌లో కుక్కి ఉంటాడు. రచయిత్రి గెయిల్ సిమోన్ 1999లో, హీరోకి కోపం తెప్పించడం కోసం చంపబడ్డ, రేప్ చెయ్యబడ్డ, శక్తులు పోగొట్టుకున్న ఆడ పాత్రల జాబితా తయారుచేసి, ఆ ఫ్రిజ్ పేరే దానికి పెట్టింది. జాబితా చాలా పొడుగు. 1988లో వచ్చిన ‘ద కిల్లింగ్ జోక్’లో జోకర్, బ్యాట్‌గర్ల్‌గా పేరున్న బార్బరా గోర్డన్‌ని తుపాకీతో కాలుస్తాడు, నడుము కింద చచ్చుబడుతుంది. ఎందుకు? ఆమె తండ్రికి పిచ్చెక్కించడానికి. బ్రయన్ బోలండ్ బొమ్మలకి దండం పెట్టొచ్చు, కానీ కాల్పుల తర్వాత ఆమె సంగతి ఆ పుస్తకానికి పెద్దగా పట్టదు. అది రాసిన ఆలన్ మూరే తర్వాత్తర్వాత ఆ పుస్తకం తనకి నచ్చదన్నాడు. ఆమెని బాగుచేసింది వేరేవాళ్లు. కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ అనే దంపతులు మరుసటి ఏడాదే ఆమెని వీల్‌చెయిర్‌లో కూర్చున్న ‘ఆరకిల్’గా, డీసీ ప్రపంచంలో అందరికీ సమాచారం అందించే మెదడుగా తిరిగి తెచ్చారు. 2011 దాకా ఆమె ఆరకిలే. ఒకే వివాదం. మొదటివాళ్లు సంఘటన చూపించి వెళ్లిపోయారు, రెండోవాళ్లు మర్నాటి నుంచీ ఆమెతో ఉన్నారు.

2004 నాటి ‘ఐడెంటిటీ క్రైసిస్’ మీద నాకు ఇంకా కోపమే. హీరోలు కలిసి విలన్ జ్ఞాపకాలు చెరిపేశారు, అది న్యాయమేనా అన్నది గొప్ప ప్రశ్న. దాన్ని లేవనెత్తడం కోసం స్యూ డిబ్నీ అనే సరదా మనిషిని, నలభై ఏళ్లకి పైగా నవ్వుతూ తిరిగిన పాత్రని, పాత కాలంలో రేప్‌కి గురైనట్టు కొత్తగా చూపించి, మొదటి సంచికలోనే చంపేశారు. ఆ రేప్ గురించి ఆమెని తప్ప అందరినీ మాట్లాడించారు.

నీతులు చెప్తున్నానని అనుకోకండి, ఈ తప్పులో నాకూ వాటా ఉంది. ఏడెనిమిదేళ్ల కిందట ఒక చిన్న కామిక్‌కి లెటరింగ్ చేశాను. హీరో చెల్లెల్ని గూండాలు ఎత్తుకెళ్తారు, పాడుచేస్తారు, హీరో ముసుగు తొడుక్కుంటాడు. ఆమె అరుపుని బెలూన్ పగిలిపోయి ప్యానెల్ గీతలు దాటి పక్క ప్యానెల్‌లోకి పాకినట్టు లెటర్ చేశాను. చాలా గర్వంగా అందరికీ చూపించేవాణ్ణి. హైదరాబాద్‌లో ఒక కామిక్ కాన్‌లో స్టాల్ దగ్గర ఒకమ్మాయి ఆ పేజీ చూసి, ‘ఈ అమ్మాయి పేరేంటండీ?’ అని అడిగింది. నేను రచయిత వైపు చూశాను, రచయిత నా వైపు చూశాడు. రాత్రి రూముకి వెళ్లి స్క్రిప్ట్ ఫైలు తెరిచి వెతికాను. ఆమె మాట్లాడే ప్రతిచోటా ‘చెల్లెలు’ అని ఉంది. గూండాలు నలుగురికీ పేర్లున్నాయి.

సరే, ‘ద బాయ్స్’ దగ్గరికి వద్దాం. మీ ఫ్రెండ్ అంత అభిమానిస్తున్నాడు కాబట్టి దాన్ని తీసిపారెయ్యను. గార్త్ ఎనిస్, డారిక్ రాబర్ట్‌సన్ 2006లో మొదలుపెట్టారు. డీసీ సంస్థ వాళ్ల విభాగంలో ఆరు సంచికలొచ్చాక ఆపేస్తే, వేరే పబ్లిషర్ దగ్గరికి వెళ్లి 72 సంచికలు పూర్తిచేశారు. ఎనిస్‌కి సూపర్‌హీరోలంటే పడదు, ఆ అసహ్యాన్నే భాషగా చేసుకున్నాడు. కాబట్టి అందులో బూతుకి ఒక అర్థం ఉంది. కొన్ని సంచికల్లో అది మరీ శ్రుతిమించి నాకు విసుగే పుట్టించింది, అది వేరే విషయం. అయితే మీ ఫ్రెండ్‌ని టీవీ సిరీస్ మొదటి ఎపిసోడ్ మళ్లీ చూడమనండి. హ్యూయీ ప్రియురాలిని ఒక సూపర్‌హీరో పరిగెత్తుతూ గుద్దేసి చంపుతాడు, హ్యూయీ చేతుల్లో ఆమె చేతులు మాత్రం మిగులుతాయి. తర్వాత ఆ సూపర్‌హీరోల్ని నడిపే కంపెనీవాళ్లు వచ్చి, 45 వేల డాలర్లు ఇస్తాం, సంతకం పెట్టండి అని మర్యాదగా అడుగుతారు. ఆ సిరీస్‌లో అంతకన్నా బూతుగా ఉన్న సీను నాకు కనబడలేదు. గుద్దితే పోనిది కూడా అదే: ఆ కంపెనీ.

బూతుతో మొదలుపెట్టి కూడా నిలబడ్డ కామిక్ కావాలంటే ‘ఏలియస్’ చదవండి. 2001లో మార్వెల్ పెద్దవాళ్ల కోసం పెట్టిన మ్యాక్స్ వరసలో మొదటిది. బ్రయన్ మైకేల్ బెండిస్ రచన, మైకేల్ గేడోస్ బొమ్మలు. పుస్తకంలో మొదటి మాటే ఆ నాలుగక్షరాల ఇంగ్లీషు బూతు. కానీ జెసికా జోన్స్ ఎందుకిలా తాగుతుంది, సూపర్‌హీరో పని ఎందుకు మానేసింది అన్నది మాత్రం చివరి కథ దాకా, అంటే ఇరవైకి పైగా సంచికలు, బిగబట్టి ఉంచారు. పర్పుల్ మ్యాన్ అనే విలన్ జెసికా మనసుని ఎనిమిది నెలలు తన గుప్పిట్లో పెట్టుకున్న సంగతి అప్పుడు ఆమే, తన మాటల్లో ల్యూక్ కేజ్‌కి చెప్తుంది. బూతు మొదటి పేజీలో, అసలు వివాదం చివర్లో. చాలామంది కుర్రాళ్లు దీన్ని తిరగేసి రాస్తారు.

ఇప్పుడు తెలుగు సంగతి, మీకు నిజంగా పనికొచ్చే ముక్క.

ఇంగ్లీషులో ఆ ఒక్క బూతు అన్నిటికీ పనికొస్తుంది. కోపానికీ అదే, సంతోషానికీ అదే, కాలికి రాయి తగిలినా అదే. తెలుగులో అలా ఉత్తినే గాల్లోకి వదిలే బూతు దాదాపు లేదు. మన బూతు ఎప్పుడూ ఎవరి మీదకో వెళ్తుంది: తల్లి మీదకి, పుట్టుక మీదకి, ఒంటి మీదకి, కులం మీదకి. ఒక అనువాదంలో విలన్ తన చొక్కా మీద కాఫీ ఒలకబోసుకుని బూతు అంటాడు. దాన్ని తెలుగు బూతుతో లెటర్ చేసి చూశాం. పక్కన నిలబడ్డ అనుచరుడి తల్లిని తిట్టినట్టు వచ్చింది. చదివినవాళ్లు ‘వీళ్లిద్దరికీ ఏం గొడవ?’ అని అడిగారు. చివరికి ‘ఛీ, నా ఖర్మ’ పెడితే కుదిరింది. మీ ఫ్రెండ్ ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో బూతులు పెడుతుంటే, ప్రతి పేజీలో ఇదే జరుగుతుంది.

తెలుగులో బూతుకన్నా పదునైనది ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగడం. ఇంగ్లీషువాళ్లకి లేని ఆయుధం ఇది. మీ హీరో మూడు ఎపిసోడ్ల పాటు విలన్‌ని ‘మీరు’ అంటూ ఉండి, నాలుగో దాంట్లో ఒక్కసారి ‘ఏరా’ అన్నాడనుకోండి, చదివేవాడు ఉలిక్కిపడతాడు. దాన్ని తిరగేసి కూడా వాడొచ్చు. పోలీసు అందరినీ ‘ఒరేయ్’ అంటూ, ముసుగు తీసిన కుర్రాడి ఇంటిపేరు తెలియగానే ‘మీరా బాబూ’ అన్నాడంటే, కులం మీద పది పేజీల ఉపన్యాసం అక్కర్లేదు. ఇక మన బామ్మల తిట్లున్నాయి. ‘నీ జిమ్మడ’, ‘నీ దుంపతెగ’, ‘నీ నోట్లో మన్నుపడ’. కోపమూ ముద్దూ ఒకే మాటలో ఉంటాయి. మేడ మీద వడియాలు తొక్కుతూ దిగిన సూపర్‌హీరోని ఒక బామ్మ ఇలా తిడితే నేను ఆ పేజీకి ఫ్రీగా లెటరింగ్ చేస్తాను.

కులం పేరుతో తిట్టించే విషయంలో మాత్రం జాగ్రత్త. దాన్ని మామూలు బూతుల గంపలో వెయ్యకండి. బయట నలుగురిలో ఎస్సీ, ఎస్టీ మనిషిని కులం పేరుతో తిడితే 1989 నాటి అట్రాసిటీల చట్టం కింద నేరం. కథలో రాయకూడదని కాదు. ఆ తిట్టు పడ్డ మనిషి కథలో ఎవరు, ఆ తర్వాతి పేజీలో ఏం చేస్తాడు అన్నది రాయలేకపోతే, దాన్ని ముట్టుకోవద్దు. ఊరికే విలన్ చెడ్డవాడని చూపించడానికి వాడితే, చదివేవాళ్లలో సగం మందికి అది రోజూ వినే మాట. మీరు వాళ్లకి కొత్తగా చూపించిందేమీ లేదు.

కేసులవుతాయా అని కూడా అడిగారు. నేను వకీలుని కాదు. తెలిసింది చెప్తాను. ఆన్‌లైన్‌లో అశ్లీలానికి ఐటీ చట్టం 67వ సెక్షన్ ఉంది. అయితే 2024 మార్చిలో ‘కాలేజ్ రొమాన్స్’ అనే వెబ్ సిరీస్ కేసులో సుప్రీంకోర్టు, బూతు మాటలు వాడినంతమాత్రాన అశ్లీలం అయిపోదని చెప్పింది. ఆ బెంచ్‌లో ఉన్న జస్టిస్ పి.ఎస్. నరసింహ మన తెలుగువారే. వినడానికి అసహ్యంగా ఉండటం వేరు, కామాన్ని రెచ్చగొట్టడం వేరు అన్నది ఆ తీర్పు సారం. అది మీకు ధైర్యం ఇవ్వొచ్చు. మీరు పెట్టే సైటు నిబంధనలు, వయసు లేబుల్ మాత్రం విడిగా చూసుకోండి. కోర్టు ఒప్పుకున్నా సైటు తీసేస్తుంది.

పెద్దవాళ్లు చదవాలంటే ఇవన్నీ ఉండాలా అన్నది మిగిలింది. 2014లో మొదలైన కమలా ఖాన్ ‘మిస్ మార్వెల్’ చూడండి. జెర్సీ సిటీలో పాకిస్తానీ మూలాలున్న ముస్లిం ఇంటి పదహారేళ్ల పిల్ల. ఇంట్లో తిట్లు పడుతుంది గానీ బూతులుండవు. రచయిత్రి జి. విల్లో విల్సన్. 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. దాన్ని నాకు చదవమని ఇచ్చింది నలభై దాటిన మా అక్క.

మీరు లింకు ఇచ్చిన ఆరు పేజీలూ చూశాను. మొదటి పేజీలో ఆటోవాలా వేసే బూతు ఉంచెయ్యండి, అది అతని నోట సహజంగా ఉంది, బెలూన్ మాత్రం కొంచెం కిందికి జరపండి, అతని ముఖం మీద పడుతోంది. మూడో పేజీలో హీరో వేసేవి నాలుగూ తీసెయ్యమనండి, అతను ఇంకా ఎవరో మాకు తెలియదు. ఐదో పేజీలో డ్రగ్స్ అమ్మే కుర్రాణ్ణి హీరో గోడకేసి కొట్టి వదిలేశాడు. ఆరో పేజీ ఆ కుర్రాడి ఇంట్లో మొదలైతే ఎలా ఉంటుందో మీ ఫ్రెండ్‌ని ఒకసారి రాసి చూడమనండి. బొమ్మలు వేశాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.